కప్ప అరిచేదాకా

మా ఊరి ఆడవాళ్ళు ఇదివరకు నేను కనబడితే “పెల్లెప్పుడే గుంటా?” అని అడిగేవారు. ఇప్పుడు “కప్పలెంతవరకు వచ్చినాయే?” అని అడుగుతున్నారు. రెండిట్లో ఏది నయమో నాకింకా తేలలేదు.

మొదటిసారి ఆ కప్పల గొడవ షేర్ ఆటోలో ఎదురైంది. పలాసలో చేపలమ్ముకుని ఖాళీ గంపతో తిరిగొస్తున్న ఒకావిడ నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. మా వీధావిడే. కాసేపు నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి, “మా ఆయనకొకటి అట్టిపెట్టమ్మా. నువ్వు పెంచుతన్నావంట గదా” అంది. ఏమిటి పెంచుతున్నానని అడిగాను. “అదేనే, కప్ప కిడ్నీ” అంది. ఆటోలో ఉన్నవాళ్ళంతా మాటలాపి నా వైపు తిరిగారు. డ్రైవరు కూడా అద్దంలోంచి చూశాడు. ఒకాయన, పాపం, చొక్కా జేబులోంచి ఆసుపత్రి చీటీ తీసి నాకు చూపించబోయాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆ చీటీ చూశాక కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో అర్థం కాలేదు. ఇంటికొక కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానంలో పుట్టినవాళ్ళకి ఆ చీటీ చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. వేరే ఊళ్ళలో మనిషి కనిపిస్తే అన్నం తిన్నావా అంటారు. మా దగ్గర రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉందంటారు. బడికెళ్ళని ముసలమ్మకి కూడా ఆ మాట నోటికి తిరుగుతుంది. ఆయన చీటీలో అంకె నేను చూశాను, మడిచి ఇచ్చేశాను.

ఈ పుకారు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మా ఇంట్లోనే పుట్టింది. మా మేనత్త నోట్లో పుట్టింది.

మా అత్త నాన్నకి అక్క. పిల్లల్లేరు. మావ పోయాక మా ఇంట్లోనే ఉంటోంది. నిన్నమొన్నటిదాకా తెల్లారకముందే పడవల దగ్గరికి వెళ్ళి, బేరమాడి, గంప నెత్తినెత్తుకుని పలాస బజారుకు పోయిన మనిషి. అడ్డచుట్ట కాలుస్తుంది, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అలా పెట్టుకునే ఊరందరితో మాట్లాడుతుంది, తగువు కూడా ఆడుతుంది. నోట్లో నిప్పుందని మిగతావాళ్ళకి గుర్తొస్తుంది గానీ ఆవిడకు గుర్తు రాదు.

ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని ఎండు చేపల్లో ఇసుక దులుపుతోంది.

“ఊరంతటికీ ఏటి సెప్పినావత్తా నువ్వు?” అన్నాను చెప్పులైనా విప్పకుండా.

“ఉన్నదే సెప్పినాను. నా కోడలు టెక్కల్లో కప్ప కిడ్నీలు పెంచుతంది అని. అబద్దమేటి?”

“కిడ్నీలు కాదు, కణాలు!”

“కణాలంటే ఏటి?”

“కిడ్నీలో ముక్కలు. కంటికి కనిపించనంత సిన్నవి.”

“మరి సిన్నవి పెంచితే పెద్దవవ్వవేటి?” అంది అత్త, చుట్ట అటు నుంచి ఇటు మార్చి.

ఎమ్మెస్సీ చదివాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి, ఆ ప్రశ్నకి మాత్రం సిలబస్‌లో జవాబు లేదు. పెంచితే ఎక్కువవుతాయి అత్తా, పెద్దవవ్వవు అన్నాను. “ఎక్కువైతే మంచిదే గదా, అందరికీ సరిపోతాయి” అంది.

నేను చేసే పని చెప్తాను, మీరైనా అర్థం చేసుకోండి. టెక్కలిలో ఒక మేడ మీద చిన్న ప్రయోగశాల ఉంది. నేనూ, మా సారూ, వారానికి రెండుసార్లు తుడవడానికి వచ్చే ఒకావిడా, అంతే. రోజూ ఆటోలో పలాస, అక్కడ జీడిపిక్కలు కాల్చే వాసన పీల్చుకుంటూ బస్సెక్కి నందిగాం మీదుగా టెక్కలి. అక్కడ అడుగు బల్లపరుపుగా ఉండే ప్లాస్టిక్ సీసాల్లో కప్ప కిడ్నీ కణాలు బతుకుతుంటాయి. ఆ కప్ప మన కప్ప కూడా కాదు, ఆఫ్రికా కప్ప. నేను పుట్టకముందే ఎప్పుడో, ఎవరో దాని కిడ్నీలోంచి కణాలు తీసి సీసాలో బతికించారు. అవి ఒకటి రెండై, రెండు నాలుగై, చేతులు మారి, దేశాలు మారి ఇప్పటికీ చీలుతూనే ఉన్నాయి. మా దగ్గరికి రాకముందే వేరే పెద్ద ప్రయోగశాలలో వాటిలోకి మనిషి జన్యువు ఒకటి చేర్చారు. దాంతో ఆ కప్ప కణం, మన కిడ్నీలో ఉండే ఒక ప్రోటీను తయారు చేస్తుంది. ఆ ప్రోటీనుకి చిన్న ఆకుపచ్చ మెరుపు తగిలించారు. నీలం దీపం వేసి చూస్తే కణాల అంచులు పచ్చగా వెలుగుతాయి. మెరుపు బాగుంటే ప్రోటీను బాగున్నట్టు. తగ్గితే దానికేదో అయినట్టు.

కప్పే ఎందుకు సార్ అని ఉద్యోగంలో చేరిన కొత్తలో అడిగాను. మా సారు టెక్కలివారే, ఇంట్లో అందరూ టీచర్లు, ప్రశ్న అడిగితే చాలు బోర్డు దగ్గరికి వెళ్ళిపోతారు. “కప్ప కణాల్లో ఈ ప్రోటీన్ ముందే ఉండదు కాబట్టి, మనం పెట్టింది క్లియర్‌గా కనిపిస్తుంది. ఇంకోటేంటంటే, వీటికి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్ అక్కర్లేదు, గది చల్లగా ఉంటే చాలు. మన బడ్జెట్‌కి కప్పే గతి” అన్నారు. నేను ఇంకేదో గొప్ప కారణం ఉంటుందనుకున్నాను. కొంచెం నీరసపడ్డాను.

ఇదంతా ఒకనాడు అన్నం తింటూ అత్తకి చెప్పాను. కప్ప, కిడ్నీ, మనిషి అనే మూడు మాటలు ఆవిడకి చాలు. మిగతాది తనే కట్టుకుంది. ఎలా కట్టిందో వింటే మీకూ అది నిజమే అనిపిస్తుంది.

“నూతిలో కప్ప పుట్టిన కాడ్నించీ ఆ నీల్లలోనే ఉంటాది. మనం తాగిన నీల్లే గదా అవి. దానికెప్పుడైనా కాల్లు పొంగినాయేటి? మొకం ఉబ్బినాదేటి? ఏ కప్పైనా ఆసుపత్రికెల్లి మిషనెక్కినాదేటి? దాని కిడ్నీ గట్టిది. అందుకే మీ సారు కప్పని పట్టుకున్నాడు. తెలివైనోడు” అంది.

గ్యాస్ సిలిండర్ సంగతి ఆవిడకి ఎలా చెప్పను?

పైగా నూతి గురించీ కప్ప గురించీ మా అత్తకి చెప్పే మొనగాడు మా ఊళ్ళో లేడు. మా దగ్గరొక రివాజు ఉండేది. కొత్త నుయ్యి తవ్వి నీళ్ళు పడగానే ఎవరూ తాగరు. పెద్ద ముత్తైదువ ఒకామె పాత నూతిలోంచి కప్పని పట్టి, తడిబట్టలో పెట్టి తెచ్చి, కొత్త నూతిలో వదలాలి. వదిలాక గట్టు మీదే కూర్చోవాలి. లోపలినుంచి కప్ప అరిచేదాకా లేవకూడదు. అన్నం అక్కడికే తెచ్చి పెడతారు. కప్ప అరిస్తే నీళ్ళు మంచివన్నట్టు. అప్పుడు గట్టు మీద కూర్చున్న మనిషే మొదటి చెంబు తాగాలి, రెండో చెంబు తన చేత్తో తనకి కావలసినవాళ్ళకివ్వాలి, ఆ తరవాత ఊరు తాగాలి.

మా వీధి నుయ్యి తవ్వినప్పుడు కూర్చున్నది మా అత్తే. నేనప్పుడు బడికి వెళ్తున్నాను. కప్ప ఎంతకీ అరవలేదు. సన్నగా వాన మొదలైంది. అందరూ ఇళ్ళలోకి పోయారు, అత్త మాత్రం తాటాకు గొడుగేసుకుని కూర్చుంది. నేను అన్నం తీసుకెళ్తే, “నువ్వెల్లిపోవే, మాటలాడితే అది జడుసుకుంటాది” అని తరిమేసింది. మర్నాడు పొద్దున్న “అరిసినాదర్రా! తాగండెహె!” అని వీధి చివరికి వినబడేలా కేకేసింది. ఆ కేక నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ నుయ్యి ఇప్పుడు వాడకంలో లేదు. కుళాయి వచ్చింది, డబ్బా నీళ్ళ ఆటోలు వచ్చాయి, నూతి మీద ఇనుప చట్రం వేసేశారు.

ఇంతవరకు నవ్వులాటే. తరవాత నవ్వు రాలేదు.

అత్తకి కాళ్ళు పొంగడం మొదలైంది. కొన్నాళ్ళు చెప్పలేదు, చీర కుచ్చెళ్ళు కిందికి జార్చుకుని తిరిగింది. నాన్న పట్టుబట్టి పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చీటీ చూసి, ఇక మందులతో లాభం లేదు, ముందు చేతికి చిన్న ఆపరేషన్ చేయించండి, అది మానగానే డయాలసిస్ మొదలుపెట్టాలి అంది. ఆలస్యం చేస్తే ఒంట్లో నీరు గుండెల మీదికి వస్తుందని, అప్పుడు మా చేతుల్లో ఏమీ ఉండదని నాతో విడిగా చెప్పింది. అత్త బయట బల్ల మీద కూర్చుని చుట్టని వేళ్ళతో నలుపుతోంది. ఏమన్నారని అడగలేదు. ఇంటికొచ్చాక, అన్నం ముందు కూర్చుని, తాపీగా చెప్పింది.

“నాను మిషనెక్కను.”

“ఎందుకెక్కవు?” అన్నాడు నాన్న.

“మీ బావ ఎక్కినాడు. దిగినాడేటి?”

మా మావ డయాలసిస్ మీదే పోయాడు. అత్త చేయి కడుక్కుని నా వైపు చూసింది. “దీని కప్పలు ఎదిగీదాకా ఆగుతాను. ఆలీసమైనా పరవానేదు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. అరిచాను. ఆ సీసాలోది ఎవరికీ పెట్టరు, అది మందు కాదు, కిడ్నీ కాదు, ఏమీ కాదు అని చెప్పాను. “ఏటీ కాకపోతే రోజూ అంత దూరం ఎందుకెల్తన్నావు?” అంది. నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న అంతకు ముందు నన్ను నేనే చాలాసార్లు వేసుకున్నాను. మందులు చేసేవాళ్ళు వేరు, ఆపరేషన్ చేసేవాళ్ళు వేరు. నేను సీసాల్లో పాత నీరు తీసి కొత్త నీరు పోస్తాను. మా ఊరు మా ఊరులాగే ఉంది.

వారం గడిచేసరికి అత్త పాదాలకి చెప్పులు పట్టడం మానేశాయి. నాన్న బతిమాలాడు. డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. వీధిలో వాళ్ళు చెప్పలేదు సరికదా, “కప్ప కిడ్నీ వత్తంది గదా, ఈ మిషన్లు ఎందుకులే” అన్నారు. మా అత్త చచ్చిపోతే నా సీసాల వల్ల చచ్చిపోయినట్టే కదా అనిపించింది. కాదేమో కూడా. ఎవరినడగాలో తెలియలేదు.

సారుకి చెప్పుకున్నాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడిచారు. ఆ కళ్ళజోడుకి మురికేమీ లేదు. “తీసుకురా ఒకసారి. కళ్ళతో చూస్తే నమ్ముతారేమో” అన్నారు. నేనూ అదే అనుకున్నాను. సీసాలో ఏమీ లేదని చూపిస్తే ఆశ పోతుంది, ఆశ పోతే మిషనెక్కుతుంది. ఒక మనిషి ఆశ పోగొట్టడానికి బస్సు టిక్కెట్టు కొన్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అత్త ఆ రోజు మంచి చీర కట్టింది. తలకి నూనె రాసి, ఎవరేమనుకున్నా సరే అని కొప్పులో కనకాంబరాలు పెట్టింది. బస్సులో కండక్టరుతో, “నా కోడలి ఆపీసుకెల్తన్నాను, కప్పల్ని సూడ్డానికి” అని చెప్పింది. నేను కిటికీలోంచి నందిగాం పొలాలు చూస్తూ కూర్చున్నాను.

మేడ మెట్ల దగ్గర చుట్ట ఆర్పి, తడి గుడ్డలో చుట్టి, గోడ మీద పెట్టి, “ఎవరూ తియ్యరు గదా?” అని రెండుసార్లు అడిగింది. ఉబ్బిన పాదాలకి ప్లాస్టిక్ తొడుగులు నేను వంగి తొడిగాను. జుట్టుకి టోపీ పెడితే పువ్వులు నలుగుతాయని గొడవ పెట్టింది. సారు నమస్కారం చేసి, “రండమ్మా, కూర్చోండి” అని సూక్ష్మదర్శిని ముందు తన కుర్చీ వేశారు.

మొదట ఆవిడకి ఏమీ కనబడలేదు. నల్లగా ఉందంది. కన్ను ఎక్కడ పెట్టాలో చూపించాను. కాసేపటికి కదలడం మానేసింది. అలా చాలాసేపు చూసింది.

“సంద్రం ఆటుకి ఎనక్కెల్లినాక ఇసకుంటాదే, గీతలు గీతలుగా. అలగుంది” అంది.

“అవే కణాలు.”

“మజ్జలో పొంగులేటి?”

ఆ పొంగులు చూసి నేను కొత్తలో ఏడ్చాను, కణాలు పాడైపోయాయనుకుని. పాడవలేదు. సీసా అడుగున పొరలా పరుచుకున్నాక కూడా అవి కిడ్నీ పని మానవు. పైనున్న ద్రవంలోంచి ఉప్పునీ నీటినీ లాగి కిందికి తోస్తూనే ఉంటాయి. కింద ప్లాస్టిక్కే కాబట్టి ఆ నీరు పోవడానికి దారి లేక, పొర అక్కడక్కడా కాల్చిన అప్పడంలా పొంగుతుంది. అదే చెప్పాను.

“పని సేత్తన్నాయన్నమాట.”

“ఆఁ.”

“ఎవరికోసం సేత్తన్నాయి? కప్పేది?”

“కప్ప లేదత్తా. ఎప్పుడో పోయింది. ఇవి మాత్రమే ఉన్నాయి.”

అత్త కన్ను తీసి నన్ను చూసింది. ఇంక చెప్పాల్సిందే అనుకున్నాను. “అత్తా, ఇది నీ ఒంట్లోకి రాదు. ఎవరి ఒంట్లోకీ రాదు. ఎన్నాల్లు పెంచినా ఇలాగే పల్చగా ఉంటాది. దీనికోసం ఆగీసి నువ్వు సచ్చిపోతావు.”

సారు కిటికీ వైపు తిరిగారు. అత్త బుగ్గలు లోపలికి లాక్కుంది, చుట్ట లేకపోతే ఆవిడ నోరు అలా అవుతుంది. నేను నా పని మొదలుపెట్టాను. కణాలకి నీరు మార్చే వేళైంది. చేతులకి తొడుగులేసుకుని, దుమ్ము పడకుండా అడ్డుపెట్టిన గాజు పలక వెనక కూర్చున్నాను.

ఎర్రటి ద్రవం ఒకటుంటుంది, అదే వాటి తిండి. మనిషి కణాలకైతే అలాగే పోస్తాం. కప్ప ఒంట్లో నీరు మనకన్నా పల్చన, అందుకని ఆ ద్రవంలో కొంత నీళ్ళు కలపాలి. సారు ఆలోచనంతా ఆ నీళ్ళ దగ్గరే ఉంది. సీసాల్లోంచి కణాల్ని చిన్న చిన్న గిన్నెల్లోకి మార్చి, కొన్నింటిలో మామూలు శుద్ధజలం కలుపుతాం. కొన్నింటిలో మా ఊళ్ళ నీళ్ళు వడపోసి కలుపుతాం. తరవాత నీలం దీపం వేసి, ఏ గిన్నెలో పచ్చ మెరుపు ఎలా ఉందో చూస్తాం. మూతల మీద ఊళ్ళ పేర్లు రాసి ఉంటాయి.

“ఆ రాసినాయేటి?” అంది అత్త. ఆవిడకి చదువు రాదు.

“ఊర్ల పేర్లు. ఆ ఊరి నూతి నీల్లు ఇందులో కలుపుతాం. కలిపి, కప్ప కణాలు బాగుంటాయో నేదో సూత్తాం.”

అత్త లేచి నిలబడింది. అంత ఉబ్బిన కాళ్ళతో, కుర్చీ పట్టుకోకుండా.

“ఓలమ్మ! నూతిలో కప్పనేసినట్టే గదేటి!”

నేను తొడుగుల చేతులు గాల్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. ఇన్ని నెలలుగా చేస్తున్న పని. ఆ నూతి గట్టు దగ్గరికి అన్నం మోసుకెళ్ళిన దాన్ని నేను. నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. సారు ఏమిటి ఏమిటని అడుగుతున్నారు. రివాజు సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన బోర్డు దగ్గరికి వెళ్ళి, ఏమీ రాయకుండా తిరిగొచ్చారు.

“మన ఈది నూతి నీల్లున్నాయేటి ఇందులో?” అంది అత్త.

“నేవత్తా.”

“ఎందుకు నేవు?”

“దాన్ని మూసీసినారు గదా. ఇప్పుడెవరూ తాగటం నేదు.”

“తాగీసినోలం ఉన్నాం గదే” అంది.

అని కూర్చుండిపోయింది. ఆ తరవాత ఆవిడ చెప్పింది నాతోనో, సారుతోనో, ఆ గిన్నెలతోనో నాకు తెలీదు. “ఆ కప్ప అరిసినాదని సెప్పినది నాను. మరెవులూ యిన్నేదు. వాన పడతంది, అందరూ ఇల్లల్లో ఉన్నారు. నాకు యినిపించినాది. యినిపించినాదనే అనుకున్నాను. సలేసీసినాది, ఆకలేసీసినాది, ఎప్పుడు లెగుత్తానా అని ఉంది. తాగండెహె అన్నాను. మొదలు సెంబు నాను తాగినాను. రెండోది మీ మావకిచ్చినాను.”

నాకు ఏడుపొచ్చింది. తొడుగుల చేత్తో కళ్ళు తుడుచుకోకూడదు, అందుకని మోచేత్తో తుడుచుకున్నాను. అది నీళ్ళ వల్లే అని ఎవరూ తేల్చలేదత్తా అన్నాను. ఎండలో పని అంటారు, మట్టి అంటారు, మందులంటారు, పుట్టుకతో అంటారు, ఎవరికీ తెలీదు, నీ మీద వేసుకోకు అన్నాను. సారు కూడా, “నిజమేనమ్మా, ఇంతవరకు ఎవరూ ఖాయంగా చెప్పలేకపోయారు” అన్నారు.

“తేలనేదా?” అంది అత్త.

“తేలలేదు” అన్నారు సారు.

“అయితే తేల్సండి. మా నూతి నీల్లు పొయ్యండి.”

“పోస్తాం. కానీ అది ఇప్పుడప్పుడే తేలదమ్మా. మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను.”

అత్త తలమీది టోపీ తీసేసింది. నలిగిన కనకాంబరాలు సర్దుకుంది. “కప్పనేసిన మడిసి తేలీదాకా గట్టు దిగకూడదు. నాను ఆ పాలి తొందరపడి దిగీసినానేమో. ఈపాలి కూకుంటాను” అంది. తరవాత నా వైపు తిరిగి, బేరం ముగించేటప్పటి గొంతుతో అడిగింది. “అన్నాల్లుండాలంటే ఏటి సెయ్యాల? మిషనెక్కాలా?”

“ఎక్కాలత్తా.”

“ఎక్కుతాను. పద. నా సుట్ట ఎవులైనా తీసీసినారేమో సూడు.”

బస్సులో ఆవిడ హాయిగా నిద్రపోయింది. నేను పోలేదు. ఆశ పోగొట్టడానికి తీసుకెళ్ళాను. పోయిందో, ఇంకోలా మారిందో అర్థం కాలేదు. ఆవిడకి అంతా అర్థమైందా? ఏమీ అర్థం కాలేదా? కణాలంటే ఏమిటో ఆవిడకి ఇప్పటికీ తెలీదు. నాకు తెలుసు. అయినా ఆ గదిలో జరుగుతున్నదేమిటో ఆవిడ చెప్పేదాకా నాకు తెలీదు.

మర్నాడు నాన్నా నేనూ నూతి చట్రం పక్కకి జరిపి, సీసాకి తాడు కట్టి దించాం. అత్త గట్టు మీద కూర్చుని, “అలా కాదు, లోపల్నించి తియ్యి, పైన నాచుంటాది” అని పెత్తనం చేసింది. సీసా నీళ్ళకి తగలగానే లోపల ఏదో గెంతింది. నాన్న నవ్వాడు. అత్త నవ్వలేదు, వంగి చెవి పెట్టింది. అది అరవలేదు.

చేతికి ఆపరేషన్ అయింది. అది మానాక మిషనెక్కింది. మొదటిరోజు నా చేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే, నాన్న వచ్చి వేళ్ళు విడదీయాల్సొచ్చింది. ఇప్పుడు అలవాటైంది. పక్క మంచాల వాళ్ళతో చేపల ధరలు మాట్లాడుతుంది, నర్సమ్మలకి సంబంధాలు చూస్తుంది. చుట్ట తగ్గించమన్నారు, తగ్గించానని అబద్ధం చెప్తుంది. వీధిలో ఆడవాళ్ళు ఇంకా నన్ను కప్పల గురించి అడుగుతూనే ఉన్నారు. నేను చెప్తే వినరు గానీ, “నా కోడలి కప్పలు కిడ్నీలివ్వవు, నీల్లు సూత్తాయి, ఎల్లి మిషనెక్కండి” అని అత్త చెప్తే కొందరు వింటున్నారు.

మా నూతి నీళ్ళు కలిపిన గిన్నెలో మొదటిసారి మెరుపు మందగించింది. సారు మళ్ళీ చెయ్యమన్నారు. రెండోసారి శుద్ధజలం గిన్నెకీ దీనికీ తేడా లేదు. మూడోసారి గిన్నెల్లోకి బూజు చేరి అన్నీ పారబోశాం. సారు దీన్ని మామూలే అంటారు. నాకు మాత్రం రాత్రి అన్నం సయించదు. మందగించిందని తేలితే ఆ రెండో చెంబు సంగతి అత్తకి ఏమని చెప్పను? బాగుందని తేలితే ఆవిడ గట్టు దిగిపోతుందేమో. ఆ జవాబు తొందరగా రావాలని మొక్కుకోవాలో, రాకూడదని మొక్కుకోవాలో తెలియకుండా, పాత ద్రవం తీసి కొత్తది పోస్తున్నాను.

నిన్న సాయంత్రం టెక్కలి నుంచి వస్తూ పలాసలో దిగి ఆసుపత్రికి వెళ్ళాను. అత్త మంచం మీద ఉంది, చేతికి రెండు గొట్టాలు, పక్కన మిషను తిరుగుతోంది. నన్ను చూడగానే ముందు నా మొహం వెతికింది, ఎప్పటిలాగే.

“అరిసినాదేటే?”

“ఇంకా నేదత్తా.”

“సరేలే” అంది, దిండు కొంచెం పైకి జరపమని సైగ చేసి. “కూకుంటాను.”